చిన్నగదిలో వీణకచేరి

(మన సంఘపు సమావేశమున చేసిన ప్రసంగము)



మొన్న శుక్రవారము సాయంకాలము మన రాయపురమునందే ఒక మిత్రుని మేడమీద వీణకచేరి వింటిమి. చాపలపై కూర్చున్నవారు ముప్పదిమందికి మించరు. మైకు లేదు. తంత్రిని మీటు వ్రేలి సవ్వడి సైతము వినబడినది. పెద్ద సభలలో టిక్కెట్టు కొని కూర్చున్నను ఇంతటి దగ్గరితనము లభింపదు.

ఈ పద్ధతి మన ప్రాంతమునకు క్రొత్త గాదు. పొరుగున జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867–1938) తన యింట శుక్రవారపు సాయంకాలములందు వాయించుచుండగా విద్వాంసులు సైతము నిశ్శబ్దముగా వినెడివారు. తంజావూరు మూలముగాగల కుటుంబమది. 17వ శతాబ్దమున క్షేత్రయ్య మువ్వగోపాలుని పేర రచించిన మన తెలుగు పదములను ఆ యిల్లు కాపాడినది. మనుమరాండ్రు బృంద, ముక్త వానిని పాడిరి. మరియొక మనుమరాలు బాలసరస్వతి అభినయించినది.

మొన్న వీణ వాయించుచు పాడిన విదుషీమణియు తమిళ సోదరియే. క్షేత్రయ్య పదమును అక్షరము చెడకుండ పలికినది. ప్రక్కనున్న మా కుమారుడు అర్థమడిగినాడు. రెండు మాటలకు మేము చెప్పలేకపోతిమి. సొంత చిట్టాను చదువుకొనలేని వర్తకునివలె తలవంచుకొంటిమి.

కావున నెలకొక శుక్రవారము మన సంఘపు గదిలో ఇట్టి చిన్నకచేరి జరుపుదము. ప్రతి పాటకు ముందు మన పిల్లలలో ఒకరు దాని మాటలను చదివి అర్థము చెప్పవలెను. ఆనాడు దుకాణము ఒక గంట ముందుగా మూసి చాపలు మేము తెచ్చెదము. పిల్లలను మీరు తీసికొనిరండు.