తీరగ్రామముల తియ్యనీరు



నెల్లూరు తీరమందలి ఇసుకనేలలో కొద్దిలోతు త్రవ్వినచాలును, తియ్యనీరు ఊరును. ఆ గుంటనే దొరువు అందురు. సముద్రపు హోరు వినబడుచోట తియ్యనీరెట్లు వచ్చెనని పొరుగూరివారు వింతపడుట కద్దు. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై తేలి నిలుచును. 1889లో డచ్చి దేశీయుడు బాడన్ గైబెన్, 1901లో జర్మను దేశీయుడు హెర్జ్‌బెర్గ్ దీని లెక్క తేల్చిరి. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు తియ్యనీరున్నచో, దిగువన సుమారు 40 అడుగులుండును. పైమట్టము ఒక అడుగు తగ్గి నిలిచెనా, క్రిందినుండి ఉప్పు క్రమముగా 40 అడుగులు పైకి రాగలదు. వడ్డీ వ్యాపారములో కూడ ఇంత దారుణమైన లెక్క లేదు!

కడవలతో ముంచి పైరుకు పోసినంతకాలము మనిషి రెక్కల బలమే అదుపుగా ఉండెను. ఫిల్టరు పాయింట్లు, ఆయిలింజన్లు, పిమ్మట విద్యుత్ మోటార్లు వచ్చి ఆ అదుపు తొలగినది. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు రాగా ఖర్చు అను పగ్గము కూడ సడలినది. నడుమ రొయ్యల చెరువులు పెరిగినవి. సేద్యపు భూములను, గ్రామపు ఉమ్మడి భూములను అట్టి చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. త్రాగునీరు ఉప్పుబారుట ఆ వ్యాజ్యములో ముఖ్యమైన ఫిర్యాదు. పట్టపుపాళెములలో భూమిలేనివారికి బోరు లేదు, మోటారు లేదు. అయినను ఉప్పు ముందుగా తాకునది వారి కడవలనే.

చట్టము లేకపోలేదు. తన నేల అడుగునున్న నీటిని తోడుకొను హక్కు భూస్వామిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చెప్పినది. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము, అనగా వాల్టా, దానికి కొంత హద్దు పెట్టినది. బావులు నమోదు కావలెను. ప్రజల త్రాగునీటి వనరుకు 250 మీటర్లలోపున అనుమతిలేక బావి త్రవ్వరాదు. అనుమతికి రుసుము కలదు.

రుసుము కట్టినవానికి రసీదు చిక్కును, నీటికేమి చిక్కును? ఇంటిపన్నుతో కట్టిన గ్రంథాలయ సుంకము ఈ బీరువాలలో పుస్తకములై కంటబడుచున్నది. బావి రుసుము అట్లు కంటబడదు. అది కట్టునది ఒక్కమారు, నీరు తోడునది ప్రతిదినము. పైగా 250 మీటర్లు కొలుచు టేపు అడుగునుండి వచ్చు ఉప్పును కొలువజాలదు.

2003లో ఆరంభమైన రైతు నిర్వహణ భూగర్భజల పథకము ఒక దారి చూపినది. ప్రకాశం, అనంతపురం, నల్లగొండ మొదలైన 7 జిల్లాలలో అది నడచెను. నెల్లూరు అందులో లేదు. అచ్చటి రైతులే వానను కొలిచిరి, పక్షమునకొకమారు బావిమట్టము కొలిచిరి, ఆ అంకెలను ఊరందరికి కనబడునట్లు బోర్డుపై వ్రాసిరి. రబీకి ముందు కలిసి కూర్చొని నీటిలెక్క చూచుకొనిరి; ఏ పైరు వేయవలెనో ఎవరికివారే నిర్ణయించుకొనిరి. జరిమానా లేదు, ఆజ్ఞ లేదు.

తీరమున మట్టముతోపాటు ఉప్పును కూడ కొలువవలెను. నాలుకకు తెలియునప్పటికి ఆలస్యమగును. అందుకు చేతిలో ఇమిడెడు పరికరములు కలవు. ఈశాన్యపు వానలు వెలసిన జనవరిలోను, ఎండలు ముదిరిన మే నెలలోను తప్పక కొలిచి వ్రాసిన పుస్తకము ఈ గ్రంథాలయములో వార్తాపత్రికల ప్రక్కన ఉండవచ్చును. క్రొత్తబోరుకు అర్జీ పడిననాడు ఆ పుస్తకమును మండలాధికారి ఎదుట పెట్టినచో, ఇచ్చట ఇక వలదని చెప్పుటకు పాళెమువారి చేతను అంకెలుండును.