అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఆఖరి వేసవి

అమెరికా 20వ అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ దుంగల గుడిసెలో పుట్టిన పేదింటి బిడ్డ. కాంగ్రెస్ సభ్యుడిగా ఉంటూనే పైథాగరస్ సిద్ధాంతానికి కొత్త నిరూపణ కనిపెట్టి, 1876లో అచ్చు వేయించారు. ఎంత ముచ్చటైన సంగతి!

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషన్‌లో, కోరిన ఉద్యోగం రాలేదన్న కోపంతో చార్లెస్ గిటో అనేవాడు ఆయనను వెనకనుంచి కాల్చాడు. తూటా కోసం వైద్యులు కడగని వేళ్లతో గాయాన్ని కెలికారు. శస్త్రచికిత్సలో క్రిములను ఎలా చంపాలో జోసెఫ్ లిస్టర్ చెప్పి అప్పటికే పద్నాలుగేళ్లు! టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చారు. ప్రధాన వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపు ఉంది. చీము ఒళ్లంతా విషమై, సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించారు. 49 ఏళ్లకే.

ఈ హత్య దరిమిలా, గిటో ఆశించినట్టు పార్టీ సేవకు ప్రతిఫలంగా ప్రభుత్వోద్యోగాలు పంచే పద్ధతికి పగ్గాలు వేస్తూ 1883లో చట్టం వచ్చింది.