తడి చేయి, పొడి చేయి

విద్యుత్ స్తంభముల మీద తీగెకును ఇనుప కడ్డీకిని నడుమ, గొడుగు క్రింద గొడుగు అమర్చినట్లుండు పింగాణీ ముక్కలను మీరు చూచియే యుందురు. ఆ ఆకృతి అందము కొరకు కాదు. దాని అర్థము తెలియుటకు మనము 1729వ సంవత్సరమునకు పోవలెను.

ఆ యేట ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అను నాతడు, రుద్దిన గాజుగొట్టము నుండి విద్యుత్తును నారత్రాటి వెంట దూరమునకు పంపుచుండెను. త్రాటిని పట్టుదారములతో వ్రేలాడదీసెను. పట్టుదారము తెగినది. గట్టిగా నుండునని సన్నని ఇత్తడి తీగె కట్టెను. అంతటితో విద్యుత్తు త్రాటి కొసకు చేరుట మానినది. ఇత్తడి వెంట జారిపోయినది. ఆధారము సన్నమా, లావా అనునది కాదు, అది యే పదార్థమనునదే ముఖ్యమని ఆయన గ్రహించెను. వాహకములు, బంధకములు అను విభజనకు ఇదియే ఆరంభము.

రాగిలో కొన్ని ఎలక్ట్రానులు ఏ పరమాణువునకును కట్టుపడక తిరుగుచుండును. పింగాణీలో అవి తమ తావులనే బిగిసియుండును. రాగిలో సైతము పరమాణువుల కంపనము వాని దారికి అడ్డు తగులును. ఆ అడ్డే నిరోధము. 1827లో జర్మనీ దేశపు జార్జి ఓం దీనికి లెక్క కట్టెను: వోల్టులను నిరోధముచే భాగించినచో ప్రవాహము వచ్చును.

మరి గ్రే వాడిన నార లోహము కాదు గదా, అది విద్యుత్తును మోసిన దెట్లు? గాలిలోని చెమ్మను పీల్చుకొనుట వలన. పింగాణీ గొడుగుల రహస్యము ఇదియే. వాన పైపై జారిపోవును, అడుగుభాగము పొడిగా మిగులును. నీటిపొర ఎడతెగక సాగి తీగెను కడ్డీతో కలుపదు.

మన చర్మమునకు అట్టి గొడుగు లేదు. పొడిగా నున్నప్పుడు దేహపు నిరోధము లక్ష ఓముల వరకు ఉండవచ్చును. తడిసినప్పుడు సుమారు వేయికి దిగును. ఇంటిలోని 230 వోల్టులను లక్షచే భాగింపుడు: రెండు మిల్లీ ఆంపియరులకు పైచిలుకు, ఒక జలదరింపు. వేయిచే భాగింపుడు: 230 మిల్లీ ఆంపియరులు. గుండె మీదుగా పోయినచో నూరైనను ప్రాణము తీయగలదు. పొడి చేయియు అభయహస్తము కాదు సుమా. ఆ వోల్టేజికి పొడి చర్మపు నిరోధము త్వరలోనే పడిపోవచ్చును.

రాత్రివేళ మడిలో నిలిచి, తడి చేతితో మోటారు స్టార్టరు ముట్టుకొను రైతు ఈ లెక్క మరువరాదు. ఎవరైనను తీగెకు అంటుకొనినచో చేయి పట్టి లాగరాదు. మొదట మెయిను ఆపవలెను. అది చేతికందనిచో ఎండుకర్రతో విడదీయవలెను. అయితే స్తంభము మీది 11,000 వోల్టుల తీగె తెగిపడినచో ఎండుకర్రను నమ్మవలదు. దూరముగా నిలిచి, ఇతరులను నిలిపి, విద్యుత్ కార్యాలయమునకు కబురు పంపవలెను.