నీ గేదె, నా గేదె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నేనిక్కడ పదో తరగతి. పేపర్లో ఆ గుండ్రటి భవనం ఫొటో చూసి, ఎప్పటికైనా అక్కడ పనిచేయాలనుకున్నాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఉద్యోగం, మాదాపూర్‌లో కాపురం. కంప్యూటర్ గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకునేవాణ్ణి. ఆ గర్వం మా ఆరేళ్ల పాప అణిచింది.

ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద మింగేది కాదు. చూడటం తగ్గించి చేయడం నేర్పుదామని టాబ్లెట్‌లో స్క్రాచ్ జూనియర్ పెట్టాను. 2014లో వచ్చిన ఈ ఉచిత యాప్ అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసమే. చదవడం రాకపోయినా పర్వాలేదు. బాణం గుర్తులున్న బిళ్లలను వేలితో లాగి వరసగా పేర్చి, పచ్చజెండా నొక్కితే బొమ్మ కదులుతుంది. బొమ్మ మనమే గీసుకోవచ్చు, మన గొంతూ రికార్డు చేయవచ్చు.

పాప అమ్మమ్మగారి గేదెను గీసింది. "అంబా" అని తనే అరిచి రికార్డు చేసింది. జెండా నొక్కితే గేదె కుడివైపు తెర దాటిపోయి ఎడమవైపు నుంచి వచ్చింది. పాప ఒకటే నవ్వు. నేను "తప్పమ్మా" అని టాబ్లెట్ లాక్కుని, అంకె మార్చి, గేదెను చెరువు గట్టున ఆపాను.

"ఇది నీ గేదె నాన్నా, నాది కాదు" అంది. వారం రోజులు టాబ్లెట్ ముట్టలేదు.

1967లో పిల్లల కోసం లోగో భాషను రూపొందించిన వారిలో సీమోర్ పాపర్ట్ ఒకరు. ప్రోగ్రాంలో తప్పు వస్తే సిగ్గుపడనక్కర్లేదు, ఎక్కడుందో వెతుక్కోవడమే చదువు అన్నది ఆయన ఆలోచన. ఆఫీసులో రోజూ బగ్‌లు వెతికే నేను, ఇంట్లో పాపకు ఆ అవకాశమే ఇవ్వలేదు.

అప్పుడు మన డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చారు. మన బొమ్మ మీద ఆయన పెన్సిల్ ఎన్నడూ పెట్టలేదు. పక్క కాగితం మీద గీసి చూపేవారు.

మళ్లీ పాప పక్కన కూర్చున్నాను, చేతులు కట్టుకుని. "గేదె అటునుంచి ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాను. "చెరువు చుట్టూ తిరిగొచ్చింది" అంది. మూడో రోజున తనే అంకె తగ్గించి గట్టున ఆపింది. ఆ కేక ఇల్లంతా వినిపించింది.

మిత్రులారా, బడికి కంప్యూటర్లు కొనిద్దామంటున్నాం. సంతోషం. వాటితోపాటు పిల్లల పక్కన కూర్చునే మనుషుల్ని కూడా ఇద్దాం. నెలకో శనివారం నేను వస్తాను. నాతో ఎవరెవరు వస్తారు?