ఎవరి పంక్తిలో మన చోటు?

ఇంటిపై అలిగి పోయి సైన్యములో చేరినవారు మన పల్లెలలో లేకపోలేదు. అట్టివాడు సెలవుపై యూనిఫారముతో తిరిగి వచ్చినచో, నిన్నటి కోపము మరచి వీథి అరుగులన్నియు అతనికి చోటిచ్చును. కాని ఇల్లే వెడలగొట్టినవాని మాటేమి? అట్టివాని వృత్తాంతము నొకదానిని నేడు మనవి చేయదలచినాము.

ఎలిగెన్స్ బ్రాటన్ అమెరికాకు చెందిన నల్లజాతీయుడు. స్వలింగ ప్రేమికుడైనందున 16వ యేట కన్నతల్లియే అతనిని గడప దాటించినది. పది సంవత్సరములు నిలువ నీడలేక తిరిగి, 2005లో మెరైను దళమున చేరెను. ఆ అనుభవమునకు కొంత కల్పన జోడించి, 2022లో 'ది ఇన్‌స్పెక్షన్' అను చలనచిత్రమును తానే వ్రాసి, దర్శకత్వము వహించెను.

చిత్రములోని యువకుని పేరు ఫ్రెంచ్. సైన్యమున చేరుటకు జన్మ ధ్రువపత్రము కావలెను. దానికై అతడు తల్లి వాకిట నిలుచును. తాను ఎవరి బిడ్డయో తెలుపు కాగితమును యాచించి తెచ్చుకొనవలసిన దుఃస్థితి అది!

మెరైనుల ప్రాథమిక శిక్షణ 13 వారములు. మొదటనే తల గొరుగుదురు. 'నేను' అనరాదు, 'ఈ రిక్రూటు' అనవలెను. ఒక్కొక్కని 'నేను' కరిగినగాని అందరి 'మేము' ఏర్పడదని వారి విశ్వాసము. అయితే ఫ్రెంచ్ దాచుకొనవలసిన 'నేను' వేరొకటి కలదు. 1993లో ఏర్పడిన చట్టము ప్రకారము అధికారులు అడుగరాదు, సైనికుడు చెప్పరాదు. బయటపడినచో ఉద్యోగము పోవును. ఆ విధముగా 13,000 మందికి పైగా తొలగింపబడిరి.

ఫ్రెంచ్ రహస్యము స్నానశాలలో బయటపడును. తోడివారు కొట్టుదురు. అయినను అతడు పారిపోడు. పోవుటకు మరొక చోటు లేదు గదా! ఓర్పుతో, పట్టుదలతో క్రమముగా వారిలో ఒకడగును. శిక్షణ ముగిసిననాడు తల్లి వచ్చి యూనిఫారమును చూచి పొంగిపోవును. కొడుకు స్వభావము మారలేదని తెలియగానే ఆ సంతోషము ఆవిరియగును. అయినను అతడు తల్లిపై ఆశ వదలుకొనడు.

ఆ చట్టము 2011 సెప్టెంబరు 20న అంతమైనది. మౌనము షరతుగా దొరకిన చోటు చోటే కాదని ఒక దేశపు సైన్యము అంగీకరించుటకు పదునెనిమిదేండ్లు పట్టినది. శిబిరపు తలుపును చట్టము తెరువగలదు. ఇంటి తలుపు గడియ మాత్రము లోపలి వైపుననే ఉండును. దానిని తీయవలసినవారు మనమే.