ఆ యాభై గంటలు ఎవరి గంటలు?

(విజయనగరంలో మహిళా టీచర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానం, దాని వాడకంలో టీచర్ల వృత్తిపరమైన ఎదుగుదల గురించి మాట్లాడమన్నారు నన్ను. ఈ మాటలు వింటే సర్క్యులర్ చదువుతున్నట్టుంటుంది. అందుకని నేను విన్న ఒక మాటతో మొదలుపెడతాను.

2023లో సీతంపేట ఏజెన్సీలో కొండ కింద ఒక ఊరికి వెళ్లాను. సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోది. బడి అరుగు మీద కూర్చున్న ఒక తల్లిని టీచరు ఎలా చెబుతారని అడిగాను. "మంచిదేనమ్మా. గానీ ఎప్పుడు సూసినా ఆ ఫోన్లోనే ఉంటాది. పిల్లల్ని ఎప్పుడు సూస్తాదో" అంది. లోపలికి వెళ్లి చూద్దును కదా, ఆ టీచరు ఫోన్లో చేస్తున్నది పిల్లల హాజరు, ఎంతమంది అన్నం తిన్నారు, ఎన్ని గుడ్లు మిగిలాయి, మరుగుదొడ్డి కడిగారా లేదా. ఫోటో తీసి, సిగ్నల్ దొరికే చింతచెట్టు దాకా నడిచి, పంపించి రావాలి. అలా వెళ్లినప్పుడల్లా మూడు తరగతుల పిల్లలు ఆయమ్మ చేతిలో ఉంటారు.

ఆ తల్లిని తప్పుపట్టలేం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. చాలా ఊళ్లలో స్మార్ట్ ఫోను పట్టుకుని నిలబడ్డ మొదటి ఆడమనిషి టీచరే. ఆడది ఫోను పట్టుకుంటే కాలక్షేపం, మగవాడు పట్టుకుంటే పని అనుకునే చోట ఆమె చేసే గుమాస్తా పని కూడా ఆటలాగే కనిపిస్తుంది.

గుమాస్తా పని అని కావాలనే అంటున్నాను. గత పదేళ్లలో మన బడుల్లోకి చాలా యంత్రాలు వచ్చాయి. 2022 డిసెంబరులో సుమారు 4.6 లక్షల మంది ఎనిమిదో తరగతి పిల్లలకూ, 59 వేల మంది టీచర్లకూ బైజూస్ పాఠాలున్న ట్యాబులు ఇచ్చారు. 2024 జూలైలో ఆ కంపెనీ మీదే దివాలా ప్రక్రియ మొదలైంది. 2023లో నాడు–నేడు బడుల్లో గోడ మీద పెద్ద పెద్ద ప్యానెళ్లు వెలిశాయి. అంతకుముందే, 2022 ఆగస్టులో, టీచర్ల ముఖం ఫోటోతో హాజరు వేసే యాప్ వచ్చింది. మా సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలి, పరికరం మీరివ్వండి అని సంఘాలన్నీ గట్టిగా అడిగాయి. మరుగుదొడ్ల ఫోటోల పనిని 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు. 2025లో చాలా యాప్‌లను లీప్ అనే ఒక్క యాప్‌లోకి తెచ్చారు. సంతోషమే. కానీ ఇన్నేళ్లలో టీచరుకు ఫోను బాగా వాడటం వచ్చిందంటే అది లెక్కలు పంపడం వచ్చిందనే గానీ, దానితో పాఠం చెప్పడం వచ్చిందని కాదు. ఈ రెండింటినీ ఒకటే చేసి 'డిజిటల్ నైపుణ్యం' అని పేరు పెట్టడం దగ్గరే నా అభ్యంతరం.

బడి లోపల కూడా ఒక పని విభజన నడుస్తోంది. ప్యానెల్ రిమోటూ పెన్నూ హెడ్మాస్టరుగారి బీరువాలో ఉంటాయి. "మీకెందుకు మేడమ్, పాడైపోద్ది, మాస్టారు చూసుకుంటారు" అంటారు. ఎంట్రీలు కొట్టడం మాత్రం మేడమ్‌ల పని, ఎందుకంటే ఆడవాళ్లకు ఓపిక ఎక్కువట! యంత్రం మగవాడిదీ, యంత్రానికి చాకిరీ ఆడదానిదీ. చీపురుపల్లి వైపు ఒక టీచరు ఆ ప్యానెల్ నేర్చుకోవడానికి రెండు నెలలు తన తీరిక పీరియడ్లన్నీ ఖర్చుపెట్టారు. నేర్పింది శిక్షకులు కాదు, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు. "నాకు రాదర్రా, చూపించండి అనడానికి మొదట్లో సిగ్గేసింది. తర్వాత అదే బాగుంది" అన్నారామె. వృత్తిపరమైన ఎదుగుదల అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాట.

ఇక శిక్షణ. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలంది. మంచి మాటే. కానీ ఆ యాభై గంటలు ఎక్కడినుంచి వస్తాయి? 2020 అక్టోబరు నుంచి నిష్ఠ శిక్షణ ఆన్‌లైన్‌లో, దీక్ష వేదిక మీదికి వచ్చింది. ఎప్పుడైనా, ఎక్కడైనా నేర్చుకోవచ్చు అన్నారు. ఆడవాళ్ల జీవితంలో 'ఎప్పుడైనా' అంటే రాత్రి పది తర్వాత, 'ఎక్కడైనా' అంటే వంటింటి గట్టు దగ్గర. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. పురుషులు 88 నిమిషాలు. దేశంలో కోటి దాటిన టీచర్లలో సగానికి పైగా స్త్రీలే. ఉద్యోగం చేసేవాళ్లకు ఇంటిపని కాస్త తగ్గుతుందేమో, తీరిపోదు. అందుకే ఒక టీచరు నాతో నవ్వుతూ, "నా కోర్సులన్నీ మా ఆయనే నొక్కేశారండి, నేను పప్పు తాలింపు పెడుతుంటే" అన్నారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. సర్టిఫికెట్ ఆమె పేరు మీద ఉంది. పాఠం ఆయన విన్నారు, ఆయన కూడా విన్నారో లేదో.

మన కస్తూర్బా విద్యాలయాల కాంట్రాక్టు టీచర్ల సంగతి ఇంకా వేరు. రాత్రీ పగలూ పిల్లల్తోనే ఉండే మనిషికి యాభై గంటలు విడిగా ఎలా లెక్కగడతారు?

పాత రోజుల్ని బంగారం చేసి చెప్పను. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకంలోనూ, 1996 తర్వాత విజయనగరం జిల్లాలో నడిచిన డీపీఈపీలోనూ టీచర్లు ఒకచోట కలిసేవారు. ఏడాదికి టీచరుకు 500 రూపాయలిచ్చి బోధనోపకరణాలు చేసుకోమన్నారు. చింతపిక్కలూ, పుల్లలూ, అట్టముక్కలూ, అదీ అప్పటి టెక్నాలజీ. చివరి బస్సు తప్పుతుందని మధ్యలో లేచిపోయిన ఆడవాళ్లూ, చంటిపిల్లను చంకనేసుకుని వెనక వరసలో కూర్చున్నవాళ్లూ అక్కడా ఉన్నారు. కానీ ఒక తేడా ఉంది. అది పనిరోజున, జీతం ఉన్న రోజున జరిగేది. ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు వాదించేవారు. తెర మీద వీడియో చూసే చోట వాదన ఎవరితో?

ఇదే నేలకు చెందిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టారు. ఏళ్ల తరబడి చేసిన పని 1931లో సవర భాషా వ్యాకరణంగా వచ్చింది. ఏ సర్క్యులరూ లేకుండా ఒక టీచరు అంత ఎదిగారు. ఆయన మీద నాకు గౌరవమే. ఆయన సవర నేర్చుకున్న ఆ వేల గంటల్లో ఇంట్లో వంట ఎవరు చేశారో మాత్రం చరిత్ర రాయలేదు.

సీతంపేట టీచరు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆమెకు సవర రాదు. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు రాదు. మన రాష్ట్రంలో 2004 నుంచి సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలైనా ఆమె చేతికి వచ్చినవి కొన్ని పాత వాచకాలే. ఆమె ఒక ఆదివారం, అరుగు మీది ఆ తల్లి వాళ్ల అత్తతో సవర కథ చెప్పించి ఫోన్లో రికార్డు చేసింది. సోమవారం తరగతిలో వినిపించింది. నెలల తరబడి నోరు విప్పని పిల్ల లేచి, కథలో తర్వాత ఏమవుతుందో ముందే చెప్పేసిందట. టీచరుకు ఏమీ అర్థం కాలేదు, పక్క పిల్లాడు తెలుగులో చెప్పాడు. ఆ రోజునుంచి ఆమె సవర మాటలు నోటుబుక్కులో రాసుకుంటోంది. ఏ యాప్‌లోనూ దీనికి గడి లేదు. ఆ ఆదివారం ఇంట్లో వంట ఆమె అత్తగారు చేశారు. అంటే ఆ గంటలు కూడా ఇంకో ఆడమనిషి ఇచ్చినవే.

అందుకని మనం ప్యానెళ్లు వద్దనో, ఇంకా కావాలనో అడగడం దగ్గర ఆగకూడదని నా అభిప్రాయం. యాభై గంటలూ బడి వేళల్లోనే ఉండాలి. వాటిలో కొన్నయినా ఏం నేర్చుకోవాలో టీచర్లే తేల్చుకోవాలి. మండల కేంద్రంలో శిక్షణ పెడితే చంటిపిల్లలకు ఒక గది, ఒక ఆయమ్మ ఉండాలి. ఫోను శాఖ ఇవ్వాలి. ఇవి సంఘాల మెమొరాండాల్లో చివరి పేజీలోకి పోతుంటాయి. మహిళా సంఘాలుగా మనం మొదటి పేజీలోకి తేవచ్చు. విద్యా కమిటీల్లో ఉన్న తల్లులకు ఆ ఫోన్లో టీచరు ఏం చేస్తోందో చూపించడం కూడా మన పనే. ఆ తల్లి తోడు లేకుండా టీచరు ఒక్కతే గెలవలేదు.

ఈ ఏడు మీ మండలంలో శిక్షణలు ఏ రోజు, ఏ గంటల్లో జరిగాయో రాసి తెమ్మని ముందే కబురు పెట్టాం. తెచ్చినవాళ్లు చదవండి. రణస్థలం వాళ్లకు నాలుగున్నర బస్సుందట, వాళ్లతో మొదలుపెడదాం.