పెళ్లి తేదీ, బోర్డు తేదీ



మాస్టారి పేరిట ఈ ఏటి స్మారకోపన్యాసం నన్ను చేయమన్నందుకు కృతజ్ఞుణ్ణి. వారి పాండిత్యం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. తార్నాకలో వారింటికి ఎప్పుడు వెళ్లినా కుర్చీ చూపించి "తేదీ తెచ్చావా?" అని అడిగేవారు. తేదీ లేని వాదానికి ఆ ఇంట్లో కాఫీ కూడా దొరికేది కాదు. ఇవాళ రెండు తేదీలు తెచ్చాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం మీకు తెలిసిందే. 1909లో రాజమండ్రిలో పుట్టుక, ఎనిమిదేళ్లకే పెళ్లి, ఆ పెళ్లిని కాదని బయటికి రావడం, 1923 కాకినాడ కాంగ్రెసులో టికెట్టు లేదని నెహ్రూని ఆపడం, ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, ఆపైన రాజ్యాంగ సభ. ఇవన్నీ పిల్లలు కూడా చదువుకుంటున్నారు. దాటేస్తున్నాను.

నా తగువు ఒక్క వాక్యంతో. "ఆర్థికమంత్రి భార్య కాబట్టి కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఆమె చేతికొచ్చింది." ఈ మాట సెమినార్లలో విన్నాను, వ్యాసాల్లో చదివాను, ఒకసారి ఈ క్యాంపస్‌లోనే ఒక మిత్రుడు నా ముఖం మీదే అన్నారు. వారి బలం కూడా తేదీలే. అప్పటి ఆర్థికమంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్లి 1953 జనవరి 22న జరిగింది, నెహ్రూ సాక్షి సంతకం చేశారు. బోర్డు ఏర్పడింది అదే ఏడాది ఆగస్టు 12న. పెళ్లయి ఏడు నెలలు నిండకముందే అధ్యక్ష పదవి! ఇంతకంటే ఏం కావాలంటారు.

కావలసింది ఉంది. బోర్డుకు పునాది ఆగస్టులో పడలేదు. 1952లో ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలైంది, సాంఘిక సేవల బాధ్యత ఆమెది. ఆ డిసెంబరులో వెలువడిన మొదటి పంచవర్ష ప్రణాళికలోనే స్వచ్ఛంద సేవాసంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు పంచడానికి పుట్టిందే బోర్డు. అంటే పద్దు రాసేనాటికి ఆమె ఎవరి భార్యా కాదు. దేశ్‌ముఖ్ కూడా ప్రణాళికా సంఘంలో ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. అయితే, ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేసిన ఇద్దరిలో ఒకరి పనిని రెండోవారి ఖాతాలో రాయడం ఏ చరిత్ర పద్ధతి? భర్త హోదా వల్ల ఆమెకు ఏ సౌకర్యమూ కలగలేదని నేననను. సౌకర్యం వేరు, మూలం వేరు.

ఇంకొకరు ఆమె ఆత్మకథ పేరునే సాక్ష్యం తెచ్చారు. 'చింతామన్ అండ్ ఐ' అని భర్తను ముందు పెట్టుకుందట. 'ది కోర్స్ ఆఫ్ మై లైఫ్' అని దేశ్‌ముఖ్ తన ఆత్మకథకు పేరు పెట్టుకుంటే, అందులోంచి ఆయన దాంపత్యాన్ని ఎవరూ తూకం వేయలేదు. ఈ తూకం భార్యలకేనా?

అసలు రుజువు బోర్డు ఏర్పడ్డాక వచ్చింది. 1956లో బొంబాయి నగరం వివాదం మీద దేశ్‌ముఖ్ ఆర్థికశాఖ వదిలేశారు. బోర్డు ఆగలేదు. 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. అప్పటికి ఆయన యూజీసీ అధ్యక్షులు కాబట్టి అది కూడా ఆయన చలవేనంటారేమో. యూజీసీ చూసేది విశ్వవిద్యాలయాలను. మెట్రిక్ తప్పిన ఆడపిల్లలను కాదు. ఈ ఆలోచన మద్రాసు నుంచి వచ్చింది. జైలు నుంచి వచ్చాక ఆమె తనంత తాను చదివి బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. ఆ తర్వాత మహిళా సభలో అదే పరీక్షకు ఇతర స్త్రీలను సిద్ధం చేసింది. ఒక స్త్రీ సొంతంగా పడ్డ పాటే ఇరవయ్యేళ్ల తర్వాత దేశానికి పథకమైంది. ఈ వరస చెప్పకుండా బోర్డు చరిత్ర రాసినవాళ్లు కష్టపడ్డ మనిషిని వదిలేసి పెళ్లి శుభలేఖను చదివారు.

నేనిప్పుడు చేస్తున్న పని ఇక్కడే మొదలైంది. ఆ కోర్సుల్లో చదువుకున్నవాళ్లను వెతుకుతున్నాను. ఫైళ్లలో లెక్కలు దొరుకుతాయి గాని మనుషులు దొరకరు. మొన్న మల్కాజ్‌గిరిలో ఒక పెద్దావిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి బట్టలో చుట్టిన మెట్రిక్ సర్టిఫికెట్టు తీశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక చదివారట, చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని. దుర్గాబాయమ్మ గారి గురించి అడిగాను. "ఆవిణ్ణి నేను చూడలేదు బాబూ, ముందు నా లెక్కల మార్కులు చూడు" అన్నారు. చూశాను. మంచి మార్కులే. గంటన్నర కూర్చుని ఆ రెండేళ్లు ఎలా గడిచాయో చెప్పారు. మధ్యలో కోడలు కాఫీ తెచ్చి, అత్తగారు చదువుకున్న సంగతి తనకూ ఇవాళే తెలిసిందని నిలబడి విన్నది.

మీ అమ్మగారో, అత్తగారో, మేనత్తో ఆ కోర్సు చదివి ఉంటే దయచేసి చెప్పండి. ఆ తరంవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. సర్టిఫికెట్టు లేకపోయినా ఫరవాలేదు, ఏ ఊళ్లో చదివారో, ఏ ఏడాదో తెలిస్తే చాలు. సభ అయ్యాక మెట్ల దగ్గర ఉంటాను. నోటుబుక్కు తెచ్చుకున్నాను.